బొమ్మ ఒకటి, ప్రతులు ఎన్ని?

చార్మినార్ దగ్గర మొదలయ్యే లాడ్ బజార్ పడమటికి సాగుతుంది. ఆ బజారు దాటి ఖిల్వత్ వైపు మళ్లే సందులో ఒక ఫ్రేముల దుకాణం ఉంది. యజమాని పెద్దాయన. ఆయన మేనకోడలు చిత్రకారిణి. మాసాబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీలో చదివింది. ఏ గ్యాలరీకీ కట్టుబడకుండా తన బొమ్మలు తానే అమ్ముకుంటుంది. ఆమె వేసిన ఒక బొమ్మకు ప్రింట్లు తీయించి దుకాణంలో పెడదామని మామ అంటాడు, వద్దని కోడలు అంటుంది. పెద్దవాళ్లు పాత పద్ధతి పట్టుకుంటారని, పిల్లలు కొత్తదాని వెంట పోతారని మనకో అలవాటు లెక్క. ఇక్కడ అది తిరగబడింది. వాళ్ల వాదం విన్నంత మేరకు రాస్తున్నాను. సొంత కుంచె మీద బతకాలనుకునే చిత్రకారులందరికీ ఇవాళ ఇదే గొడవ.

ముందు ఆ బొమ్మ సంగతి చెప్పాలి. మూడడుగుల కాన్వాసు. లక్క గాజులు చేసే ఆడమనిషి బొగ్గుల కుంపటి ముందు కూర్చుని ఉంది. వేడికి మెత్తబడ్డ లక్కను లోహపు కట్టు చుట్టూ తిప్పి, అది గట్టిపడేలోగా ఒక్కో రాయినీ అద్దుతోంది. బొమ్మ నడిమధ్య ఉన్నది ఆమె ముఖం కాదు, బొటనవేలు. కాలి కాలి ఆ వేలి కొస నున్నగా, గీతలు చెరిగి, గాజు రాయిలాగే మెరుస్తోంది. కుంపటి వెలుగు పడిన చోట ఈ అమ్మాయి రంగు వేయలేదు, బంగారు రేకు అతికించింది.

మామ: మొన్న పెళ్లి గాజులకు వచ్చిన పిల్ల ఒకతి ఈ బొమ్మ ముందు నిలబడ్డది. వాళ్లమ్మ బయట నుంచి పిలుస్తనే ఉన్నది, ఈమె కదలలే. ధర అడిగింది. నలభై వేలన్న. ఏమనలే, పోయింది. రెండు వేలకు ప్రింటు ఉంటే ఇయ్యాల నీ బొమ్మ ఆ పిల్ల ఇంట్ల ఉండేది.

కోడలు: నా బొమ్మ ఉండేది కాదు మామా, నా బొమ్మ ఫోటో ఉండేది. ఆ పిల్ల అంతసేపు నిలబడ్డది దేనికి? కుంపటి దగ్గర ఆ రేకు మెరుపుకు. మనిషి ఇటు జరిగితే ఒక తీరు, అటు జరిగితే ఒక తీరు కనబడతది. కాగితం మీద అది రాదు.

మామ: వచ్చిందో రాలేదో చూద్దమనే కదా నమూనా తీయించిన.

కోడలు: చూసిన. బంగారం ఉన్న చోట ఆవపిండి పూసినట్టు ఉన్నది.

(నేనూ చూశాను. ఆమె మాట నిజం. స్కానర్ ఒక్క కోణం నుంచి వచ్చే వెలుగునే పట్టుకుంటుంది. రేకు మెరుపు కోణంతో పాటు మారుతుంది. మామూలు ప్రింటు సిరా దాని స్థానంలో ఒక పసుపును మాత్రమే పెట్టగలదు. కానీ అదే నమూనాలో ఆ బొటనవేలు చక్కగా వచ్చింది. నున్నబడ్డ చర్మం మీద తెల్లని చుక్క, గోటి అంచున లక్క మరక, అన్నీ ఉన్నాయి. చాలాసేపు నేను దాన్నే చూశాను.)

మామ: సరే, మెరుపు రాలే. మిగతాది వచ్చింది కదా. నేను పనిల చేరిన కొత్తల జనం ఫ్రేము కట్టమని ఏం తెచ్చేటోళ్లో తెలుసా? దేవుళ్ల పటాలు, పెళ్లి ఫోటోలు, వాటితోని యువ పత్రిక అట్టలు. వడ్డాది పాపయ్య బొమ్మ ఉన్న అట్ట జాగ్రత్తగా చింపి, కాగితాల నడుమ పెట్టి తెచ్చేటోళ్లు. టీచర్లు, కంపౌండర్లు, రైల్వే క్లర్కులు. వాళ్లల్ల ఒక్కడన్న అసలు బొమ్మ కొనగలడా? ఆయన పేరు ఇంటింటికీ పోయింది ఆ అట్టల తోటే.

కోడలు: పాపయ్య గారు అచ్చు కోసమే గీసిండు. చందమామకైనా యువకైనా ఆ రంగులు ప్రెస్‌ల పడతయని తెలిసే కలిపిండు. బాపు గారి గీత కూడా అంతే, అచ్చుల పడితేనే దానికి నిండుతనం. నేను అచ్చును మనసుల పెట్టుకొని గీయలే.

మామ: రవివర్మ కూడా అచ్చు మనసుల పెట్టుకొని గీయలే కదా. ఆయన పెద్ద పెద్ద తైలవర్ణాలు రాజుల ఇండ్లల్ల ఉండె. నీ పటాలకు డిమాండు ఎక్కువ, అచ్చు వేయించుమని దివాన్‌గిరీ చేసిన మాధవరావు చెప్తే తర్వాత ప్రెస్సు పెట్టిండు.

కోడలు: 1894ల బొంబాయిల పెట్టిండు. ఏమైంది? నష్టాలు. లోనావాలా దగ్గరి మళవలికి మార్చిండు, అయినా గట్టెక్కలే. 1901ల జర్మన్ టెక్నీషియన్ ష్లైషర్‌కు అమ్ముకున్నడు. లక్ష్మి, సరస్వతి పటాలు దేశమంతా పోయినయి, లాభం మాత్రం ఆయనకు చేరలే. పైగా ఇప్పటికీ రవివర్మ అంటే క్యాలెండర్ బొమ్మలనే మాట పోలే.

మామ: ఆయన మునిగింది ప్రింటు తోటి కాదు బిడ్డా, ప్రెస్సు తోటి. రాళ్లు, మిషన్లు, జర్మనీ నుంచి వచ్చిన మనుషుల జీతాలు, ఇవన్నీ ఆయన నెత్తిన పడ్డయి. నీకు ప్రెస్సు ఎందుకు? పది కావాలంటే పది, ఒకటి కావాలంటే ఒకటి తీసిచ్చేటోళ్లు ఇయ్యాల ఊరంతా ఉన్నరు. ఖర్చు ముందుగాల పెట్టే పని లేదు.

మామ చెప్పింది నాకు సబబే అనిపిస్తుంది. రవివర్మ కాలంలో ప్రతి రంగుకూ ఒక రాయి సిద్ధం చేసుకోవాలి, వందల ప్రతులు తీస్తే తప్ప గిట్టుబాటు కాదు. ఇవాళ పిగ్మెంట్ సిరాతో, నూలు గుజ్జుతో చేసిన దళసరి కాగితం మీద ఒక్క ప్రతి కూడా తీయించుకోవచ్చు. ఆ కాగితాల్లో పేరున్న హానెమ్యూలె మిల్లు జర్మనీలో 1584లో మొదలైంది. చార్మినార్ కట్టింది 1591లో. అంత పాత మిల్లు కాగితం మీద ఇవాళ్టి మిషన్ సిరా చల్లుతోంది. మామూలు సిరాకూ పిగ్మెంట్ సిరాకూ తేడా తెలుసుకోవడానికి పెద్ద చదువులేం అక్కర్లేదు. బజారులో ఎండ పడే దుకాణాల ముందు అంటించిన పోస్టర్లు చూడండి. ఎరుపు, పసుపు ముందు ఎగిరిపోయి బొమ్మంతా నీలంగా మిగిలి ఉంటుంది. రెండు వేలు తీసుకుని అలాంటిది అంటగడితే కొన్నవాళ్లను మోసం చేసినట్టే. ప్రింట్లు అమ్మాలనుకునే చిత్రకారులు ధర కన్నా ముందు తేల్చుకోవాల్సింది సిరా సంగతి.

కోడలు అక్కడితో ఒప్పుకోలేదు. ఆమె అసలు అభ్యంతరం వేరే ఉంది.

కోడలు: మామా, ప్రింటు అంటే నాకు పగ లేదు. లక్ష్మాగౌడ్ గారి ఎచింగులు ప్రింట్లే. మెదక్ జిల్లా నిజాంపూర్‌ల పుట్టి, బరోడాల నేర్చుకొని, మన పల్లె మనుషులను, మేకలను, చెట్లను లోహపు రేకు మీద చెక్కిండు. అక్కడ రేకు మీద పని చేసిందీ ఆయన చెయ్యే, సిరా పెట్టి తుడిచి ఒత్తేది కూడా కళలో భాగమే. దానికి వేరే అసలు లేదు. కాగితం మీద పడ్డదే అసలు. రేకు ఒత్తిన కొద్దీ అరిగిపోతది, అందుకని ఇన్నే తీస్తమని అంకె వేస్తరు. నువ్వు చెప్పేది ఆ ప్రింటు కాదు. కాన్వాసును స్కాన్ చేసి ఫైలు పంపుడు. ఫైలు అరగదు. యాభైల మూడోది అని పెన్సిలుతో రాసి కింద సంతకం పెడితే, అరగని దానికి అరిగే దాని మర్యాద తగిలించినట్టు కాదా?

మామ: ఐతే అంకె ఎందుకు? వేయకు. ఎంతమంది అడిగితే అంతమందికి తీసి ఇయ్యి. క్యాలెండర్ మీద ఎవడన్న అంకె వేసిండా?

కోడలు: అట్ల ఇస్తే నలభై వేలు పెట్టి అసలు కొన్నాయన ఏమనుకుంటడు? తన ఇంట్ల ఉన్నది ప్రతి హోటల్ గోడ మీద కనబడితే?

మామ: ఏమీ అనుకోడు. సాలార్‌జంగ్ మ్యూజియంల మేలిముసుగు రెబెకా ఉన్నది కదా. రోమ్‌ల బెంజోనీ చెక్కింది, మొదటి సాలార్‌జంగ్ 1876ల కొనుక్కొచ్చిండు. అసొంటివే ఆ శిల్పి ఇంకా చేసి అమ్మిండు, అమెరికా మ్యూజియంలల్ల కూడా ఉన్నయట. అయినా ఇక్కడ ఆ రాతి ముసుగు ముందు జనం నిలబడి కండ్లు పెద్దగ చేసుకొని చూస్తరా లేదా? ఇంకోటి ఉన్నదని దీని గొప్ప తగ్గిందా?

కోడలు: అవి కూడా పాలరాయే కదా మామా. ఒక్కొక్కటీ మళ్లీ చెక్కినయే. రెబెకా ఫోటో అమ్మితే ఎవరూ రెబెకా అనరు.

మామ: ఫోటో చూసి రెబెకా కోసం మ్యూజియంకు వచ్చినోళ్లు లేరా?

ఆమె కాసేపు మాట్లాడలేదు. ఈ ప్రశ్నకు నాకు తోచిన జవాబు ఒకటుంది. మూలచిత్రం కొనేవాళ్లు, ప్రింటు కొనేవాళ్లు చాలావరకు వేరే మనుషులు. రెండు వేల ప్రింటు ఉన్నందుకు నలభై వేల కాన్వాసు మానుకునేవాళ్లు అరుదు. ప్రింటు కొన్న పిల్ల పదేళ్ల తర్వాత సంపాదనలో పడి, ఆ పేరు గుర్తుపెట్టుకుని అసలు బొమ్మ కోసం వచ్చే అవకాశం మాత్రం ఉంది. హుసేన్, రజా వంటి వాళ్ల బొమ్మలు సెరిగ్రాఫులుగా వచ్చి మధ్యతరగతి ఇళ్లకు చేరాయి. దానివల్ల వాళ్ల కాన్వాసుల ధర పడిపోలేదు. అయితే కోడలు అడిగినదాంట్లో న్యాయమైన భాగం ఇంకా మిగిలే ఉంది. అసలు కొన్నాయనకు ముందే చెప్పారా లేదా అన్నది.

చట్టం చిత్రకారుల పక్షానే ఉంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం కాన్వాసు అమ్మినంత మాత్రాన దాన్ని అచ్చు వేసే హక్కు కొన్నవాళ్లకు పోదు. రాతపూర్వకంగా బదిలీ చేస్తేనే పోతుంది. ఆ హక్కు గీసినవాళ్ల జీవితకాలమంతా, ఆ తర్వాత మరో 60 ఏళ్లు నిలుస్తుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది, చాలామంది చిత్రకారులు పట్టించుకోనిది. ఎవరైనా డబ్బిచ్చి, నాకు ఫలానా బొమ్మ గీసిపెట్టమని అడిగి గీయించుకుంటే, వేరే ఒప్పందం లేనప్పుడు కాపీరైట్ గీయించుకున్నవాళ్లదే. తాతగారి పటం గీయించుకున్న కుటుంబం ఉందనుకోండి, ఆ పటానికి వాళ్లను అడగకుండా ప్రింట్లు తీయడానికి లేదు. కాబట్టి బొమ్మ ఒప్పుకునేనాడే, అమ్మేనాడే నాలుగు ముక్కలు కాగితం మీద పెట్టుకోవాలి. దీనికి ప్రింట్లు తీస్తాను, ఇన్నే తీస్తాను, ఈ కొలతకు మించి తీయను అని. చట్టం అడగకపోయినా కొన్నవాళ్ల ముఖం చూసి ఈ మాట చెప్పగలగాలి.

మామ: కాళహస్తి సంగతి చెప్పు నాకు. వెదురు కలం పట్టి గుడ్డ మీద రామాయణం గీస్తరు. పెడనల చెక్క అచ్చులు పెట్టి అద్దుతరు. రెండూ కలంకారీయే. పెడన అద్దకం ఉన్నందుకు కాళహస్తి కలం ఆగిపోయిందా? జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008ల పద్మశ్రీ రానే వచ్చింది.

కోడలు: ఆగిపోలే, నిజమే. మరి పెడన వాళ్ల కడుపు కొట్టిందేంది? మిల్లు గుడ్డ మీద అవే డిజైన్లు స్క్రీన్ ప్రింటు కొట్టి కలంకారీ అని అమ్ముడు. అచ్చు చెక్కేటోడు, కరక్కాయ నీళ్లల్ల గుడ్డ నానబెట్టేటోడు ఆ ధరకు ఎట్ల నిలుస్తడు? నా భయం అదే మామా. ఫైలు ఒకసారి నా చేయి దాటితే నా బొమ్మ మీద నాకే పట్టు ఉండదు. ఛత్తా బజార్‌ల కాతిబుల సంగతి నువ్వే కదా చెప్పినవ్. పెండ్లి కార్డుల మీద ఉర్దూ అక్షరాలు చేత్తో రాసినోళ్లు, కంప్యూటర్ల ఉర్దూ వచ్చినంక కుర్చీలు ఖాళీ చేసిన్రు.

మామ: కాతిబు చేతిరాతను మిషన్ గుంజుకున్నది. నీ ప్రింటు నీ చేతి కిందనే ఉంటది, నువ్వు ఉంచుకుంటే. రెండూ ఒకటి చేయకు.

తర్వాత మామ గోడవైపు ఆనించిన ఒక పటం తీసి బల్ల మీద పెట్టాడు. ఎవరో ఫ్రేముకని ఇచ్చింది, కాన్వాసు మీద పల్లెటూరి దృశ్యం. దాన్ని ట్యూబులైటు కిందికి వాలుగా వంచాడు. కుంచె గీతలు ఎత్తుగా, మెరుస్తూ కనబడ్డాయి.

మామ: దీన్ని చేతి పెయింటింగని కొన్నరు. చూడు. కుంచె జాడలు ఇట్ల అడ్డంగ పోతున్నయి, తాటిచెట్టేమో నిలువుగ ఉన్నది. రంగు మారిన చోట గీత మారలే. ప్రింటు తీసి, పైన తెల్లటి జెల్లు పూసి, కుంచెతోని గీకిన్రు. భూతద్దం పెడితే కింద చుక్కలు కనబడతయి. కొన్నాయనకు చెప్పాల్నా వద్దా అని ఆలోచిస్తున్న.

కోడలు: చెప్పు. చెప్పకుండ ఫ్రేము కడితే ఆ అబద్ధానికి నువ్వు కూడ ఫ్రేము కట్టినట్టే.

మామ: చెప్త. కానీ నువ్వు ప్రింట్లు అమ్మనంటే ఏమైతది? ఇగో ఇసొంటివే అమ్ముడుపోతయి. నిజం చెప్పి అమ్మే ప్రింటు బజార్ల ఉంటేనే జనానికి తేడా తెలుస్తది. లాడ్ బజార్‌ల ఏ దుకాణమన్న చూడు. లక్క గాజులు ఒక అరల, ఫిరోజాబాద్ గాజు గాజులు ఇంకో అరల. దుకాణపోడు ఇది లక్క, ఇది గాజు అని చెప్పే అమ్ముతడు. గాజు కొన్న ఆమె లక్కను చూసిపోతది, ముట్టుకుంటది. 2024ల మన లక్క గాజులకు జీఐ గుర్తింపు వచ్చింది. వచ్చిందని ఎవరన్న ఫిరోజాబాద్ డబ్బాలు బయట పారేసిన్రా?

కోడలు: అట్ల అమ్మాలంటే వెనక పక్క రాయాలె. ఇది ప్రింటు, అసలు ఇంత కొలత, అక్రిలిక్, బంగారు రేకు, ఫలానా సంవత్సరం. ఇది ఏ సిరా, ఏ కాగితం, మొత్తం ఎన్ని, ఇది ఎన్నోది.

మామ: మళ్ల అంకె దగ్గరికే వచ్చినవ్. అరగని ఫైలుకు అంకె ఎందుకని నువ్వే అంటివి.

కోడలు: అరగదు కాబట్టే వేయాలె. ఎచింగు రేకు అరిగిపోతే లక్ష్మాగౌడ్ గారు ఆగక తప్పదు. నా ఫైలును ఆపేది నా మాట ఒక్కటే.

ఈ మాట దగ్గర నేను పూర్తిగా ఆ అమ్మాయి వైపు. మామ కోరినట్టు చవకగా, చిన్న సైజులో, అంకె లేకుండా ఎన్నయినా అమ్మడం తప్పు కాదు. అలా అని ముందే చెబితే చాలు. కానీ ఇరవై ఐదే అని చెప్పి, అవి అయిపోయాక అడిగేవాళ్లు ఎక్కువయ్యారని సైజు అర అంగుళం మార్చి ఇంకో ఇరవై ఐదు తీసే పని కళారంగంలో లోకమంతా జరుగుతోంది. గ్యాలరీ అండ లేని చిత్రకారిణికి ఆ అండ స్థానంలో ఉన్నది తన సంతకం మీద జనానికి ఉన్న నమ్మకమే. ఆల్బ్రెష్ట్ డ్యూరర్ తన చెక్కడపు ప్రింట్లను భార్య ఆగ్నెస్ చేత సంతలకు పంపి అమ్మించుకుని, రాజుల దయ కోసం చూడకుండా బతికిన రోజులున్నాయి. ఆయన పేరులోని రెండు అక్షరాల గుర్తును ఇటలీలో కాపీ కొట్టినప్పుడు ఆయనకు మండిపోయింది. అమ్ముకునేది కాగితమే అయినా, దాని విలువంతా ఆ గుర్తులో ఉందని ఆయనకు తెలుసు.

ఇంకో సంగతి మిగిలింది. వాళ్లిద్దరూ చివరిదాకా దాటవేసి, ఆఖరున తలపడింది.

కోడలు: ప్రింట్లు పెట్టినంక ఏది ఎక్కువ అమ్ముడుపోతదో నాకు తెలుస్తది కదా. అప్పుడు నా చేయి దానివైపే పోతది. చార్మినార్, పావురాలు, సాయంత్రం ఎర్రటి ఆకాశం. ఒకటి పోయిందంటే ఇంకోటి గీయమంటవు. నువ్వు అనకపోయినా నా అద్దె అంటది.

మామ: అద్దె కట్టాలె కదా మరి?

కోడలు: కట్టాలె. కానీ ఆ బొటనవేలు ఎవరూ అడిగితే గీసింది కాదు. ఆమె దగ్గర నెలల తరబడి కూర్చున్న. మొదటి వారం ఆమె ముఖమే గీసిన. వేలు కనబడడానికి టైం పట్టింది. ప్రింట్లు బాగ పోతుంటే అంత టైం కూర్చోబుద్ధి అయితదా?

మామ: ఆ టైం ఎవరిస్తరు నీకు? అసలు బొమ్మ ఒకటి పోయిందాకా ఆగితే ఆర్నెల్లు పడుతది. ఇప్పుడు పిల్లలకు ట్యూషన్లు చెప్పి కట్టుకుంటున్నవ్ కదా అద్దె, ఆ గంటలు కుంపటి దగ్గర కూర్చునే గంటలు కావా? ప్రింట్లు ఆ గంటలు నీకు తిరిగి ఇస్తయి.

ఇద్దరి మాటలూ నిజమే కావడం వల్ల ఈ చిక్కు తీరదు. ప్రింట్ల డబ్బు కాలాన్ని కొనిపెడుతుంది. అదే డబ్బు ఆ కాలాన్ని ఏ బొమ్మ మీద ఖర్చు పెట్టాలో కూడా చెవిలో చెబుతుంది. నేనైతే ఆ డబ్బు తీసుకోమంటాను. అమ్ముడుపోయిన బొమ్మలాంటిదే ఇంకొకటి ఆ ఏడాది గీయనని ముందే అనుకోమంటాను. ఆ అమ్మాయి ఇంకొంచెం గట్టిగా ఉంది.

కోడలు: చార్మినార్ ప్రింటు ఒక్కటి కూడా వేయను.

మామ: లాడ్ బజార్‌కు వచ్చేటోళ్లు అదే అడుగుతరు బిడ్డా! చార్మినార్ లేని లాడ్ బజార్ బొమ్మ ఎవరు కొంటరు?

కోడలు: గాజులోళ్లు కూర్చునేది దుకాణం లోపల. అక్కడి నుంచి చూస్తే చార్మినార్ కనబడదు మామా. వాళ్లకు కనబడనిది నేనెందుకు గీయాలె?

మామ: సరే, ఈ గాజులామెనే తీద్దాం. ఇరవై ఐదు, పెద్ద సైజు. అంకె వేయి, సంతకం పెట్టు. బంగారం సంగతేంది?

కోడలు: ఆ చోట సిరా పడనీయను. ఖాళీ వదిలిపెట్టుమంట. ఇరవై ఐదింటికీ నేనే చేత్తో రేకు అతికిస్త.

మామ: అట్లయితే రెండు వేలకు గిట్టదు.

కోడలు: ఐదు వేలు పెట్టు.

మామ: ఆ పిల్ల ఐదు వేలు పెట్టదు. రేకు లేకుండ చిన్నది కూడా ఒకటి తీద్దాం, అంకె లేకుండ, ఐదు వందలకు.

కోడలు: ఆవపిండి రంగుతోటా?

మామ: బంగారం ఉన్న చోటు వదిలేసి తీద్దాం. ఒట్టి చెయ్యి, ఆ వేలు, రాయి. అంతవరకే.

ఆమె నమూనా ప్రతిని బల్ల మీద పెట్టి, నాలుగు స్కేళ్లు అడ్డం పెట్టి, కుంపటి కనబడకుండా ఎక్కడిదాకా కోయవచ్చో చూడడం మొదలుపెట్టింది.